హారిసన్ నుంచి హారిస్ పార్కు దాకా

కాన్‌బెర్రాలో కాపురం, సిడ్నీలో సంబరం. మూడు రోజుల సెలవు దొరికితే చాలు, ఆస్ట్రేలియా రాజధానిలోని తెలుగువాళ్ళు కార్లు కట్టుకుని పట్నం బయల్దేరతారు.

జూన్ నెల. శనివారం తెల్లవారుజామున ఐదున్నర. బయట మైనస్ మూడు డిగ్రీలు. హారిసన్‌లోని మా వీధిలో ఆ వేళప్పుడు వినపడేది ఒకటే చప్పుడు, కారు అద్దం మీద గడ్డకట్టిన మంచును గీకే బరబర. మా వరంగల్ అన్నయ్య జేబులోంచి పాత హైదరాబాద్ మెట్రో కార్డు తీసి దాంతోనే గీకుతున్నారు. "ఇందులో ఇంకా నూట ఎనభై రూపాయలున్నయమ్మా. ఈ దేశంల దానికున్న ఇలువ ఇదే" అంటారు ప్రతి చలికాలం. అద్దం మీద వేడినీళ్ళు పొయ్యొద్దని కొత్తగా వచ్చిన వాళ్ళకి ముందే చెబుతాం. ఎవరో ఒకరు పోస్తారు, అద్దం పగులుతుంది, ఆ తర్వాత నమ్ముతారు.

బ్రిటన్ రాజుగారి పుట్టినరోజు సెలవు అది. రాజుగారు పుట్టింది నవంబర్లో. ఇక్కడ మాత్రం జూన్ రెండో సోమవారం సెలవిస్తారు. ఎప్పుడు పుడితే మాకేం, శని ఆది సోమ కలిసొచ్చాయి. రెండు కార్లు, పెద్దవాళ్ళం ఏడుగురం, పిల్లలు నలుగురు. మేమూ, వరంగల్ వాళ్ళూ, నెల్లూరు వాళ్ళూ, వీళ్ళతోపాటు యూనివర్సిటీలో చదువుకుంటున్న ఒంగోలు కుర్రాడు. వాడికి సిడ్నీ ఇదే మొదటిసారి. విమానం దిగి బస్సెక్కిన రోజు లెక్కలోకి రాదు, ఆరోజు నిద్రపోయాడట.

డిక్కీలో పులిహోర గిన్నె, పెరుగన్నం డబ్బా, వదిన చేసిన సకినాలు, పిల్లల దుప్పట్లు. వాటి మధ్య ఒక ఖాళీ మట్టి కుండీ. "అదెందుకక్కా?" అన్నాడు ఒంగోలు కుర్రాడు. "వచ్చేటప్పుడు చెప్తా" అన్నాను.

హారిసన్ అంటే ఎక్కడో చెప్పాలి. కాన్‌బెర్రాకు ఉత్తరాన గంగాలిన్ అని ఒక పెద్ద పేట ఉంది, అందులో ఒక ముక్క మాది. ఇళ్ళ మధ్యలోంచి ఫ్లెమింగ్‌టన్ రోడ్డు మీద ఎర్ర ట్రామ్ పోతుంది. 2019 ఏప్రిల్లో మొదలైంది, ఊళ్ళోకి 12 కిలోమీటర్లు. నేను నల్లార్బర్ అవెన్యూ స్టాపులో ఎక్కుతాను. పొద్దున ఏడున్నర ట్రామ్‌లో ఫోన్లో అమ్మతో మాట్లాడే తెలుగు కనీసం ఇద్దరి నోట వినపడుతుంది. గొంతు తగ్గించి మాట్లాడతాం గానీ అర్థమయ్యేవాళ్ళకి అర్థమవుతూనే ఉంటుంది. ఎవరింట్లో వడియాలు పెట్టారో, ఎవరి ఆడపడుచు అలిగిందో స్టాపు దాటేలోగా తెలిసిపోతుంది.

ఈ పేటకు ఆ పేరు పీటర్ హారిసన్ అనే నగర ప్రణాళికా నిపుణుడి వల్ల వచ్చింది. కాన్‌బెర్రాకు అసలు పటం గీసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్‌ను జనం మరిచిపోతున్న కాలంలో, ఆ పటం విలువ తెలియజెప్పడానికి హారిసన్ పాటుపడ్డాడు. ఆ గ్రిఫిన్ గారి చివరి మజిలీ ఏదో తెలుసా? లక్నో. అక్కడ కట్టడాల పని మీద వెళ్ళి, 1937లో అక్కడే పోయాడు, అక్కడే సమాధి. మా ఊరు గీసినాయన మన దేశం మట్టిలో కలిశాడు, మేమొచ్చి ఆయన గీసిన ఊళ్ళో ఇంటి వాయిదాలు కడుతున్నాం.

సిడ్నీ గొప్పా, మెల్‌బోర్న్ గొప్పా అన్న పోరు తెగక మధ్యలో కట్టిన రాజధాని ఇది. రాజధాని న్యూ సౌత్ వేల్స్‌లో ఉండాలి, కానీ సిడ్నీకి వంద మైళ్ళకి తక్కువ దూరంలో ఉండకూడదు అని 1901లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం 125వ సెక్షన్లోనే రాసుకున్నారు. వంద మైళ్ళంటే 160 కిలోమీటర్లు. తీరా కట్టింది 280 పైచిలుకు దూరంలో. కాబట్టి మా మూడు గంటల ప్రయాణం రాజ్యాంగంలోనే రాసిపెట్టి ఉంది.

ఇంకో తమాషా. వలస వీసాల లెక్కల్లో ఈ దేశ రాజధాని ‘ప్రాంతీయ’ జాబితాలోకి వస్తుంది. అంటే పెద్ద నగరం కాదన్నమాట. ఇక్కడ ఉంటామంటే పాయింట్లు కలుస్తాయి. తెలుగు నుంచి ఇంగ్లీషుకీ, ఇంగ్లీషు నుంచి తెలుగుకీ అక్కడికక్కడ నోటితో మార్చి చెప్పే సీసీఎల్ పరీక్ష గట్టెక్కితే ఇంకో 5. మాతృభాషకు ధర కట్టిన చోటు నాకు తెలిసి ఇదొక్కటే. అలా పాయింట్లు పోగేసుకుంటూ వచ్చినవాళ్ళమే మాలో సగం మంది.

ఎవరి పట్నం వారిది

ఫెడరల్ హైవే ఎక్కేసరికి కారులో ఎప్పుడూ జరిగే వాదనే మొదలైంది. నేను తెనాలి పక్క పల్లెటూరి దాన్ని. మాకు బెజవాడ పోవడమంటే బస్తీకి పోవడం. వరంగల్ అన్నయ్యకు పట్నమంటే హైదరాబాదే, రెండోది లేదు. నెల్లూరాయన నవ్వి, "మాకు పట్నమంటే మద్రాసు గదబ్బా. పెళ్ళి చీరలకీ, కంటాపరేషన్లకీ మూడు గంటలు బస్సులో పోయొచ్చేవాళ్ళం" అన్నారు. దూరం తక్కువైనా, మాకు సిడ్నీ లాగే మూడు గంటలు. అందరం ఒక్క క్షణం ఆగాం.

నిజానికి నాకు బస్తీ అనే మాట మరుపున పడింది. పదేళ్ళు హైదరాబాద్‌లో ఉన్నాను, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ బతికాను. పట్నంలోనే ఉన్నవాళ్ళకి పట్నం పోవడమన్న సరదా ఉండదు. ఇక్కడికొచ్చాక మళ్ళీ అమ్మమ్మగారి కాలంలోకి పడ్డాను. సిడ్నీ వెళ్ళేముందు జాబితా రాసుకోవడం, పక్కింటివాళ్ళు "మాకో రెండు కిలోలు తెండి" అని చెప్పి పంపడం, తిరిగొచ్చాక ఎవరికేం తెచ్చామో పంచడం. ప్రపంచం దాటి వచ్చి ఇలా పల్లెటూరివాళ్ళమయ్యాం. నాకిది నచ్చింది. మా ఆయనకు నచ్చలేదు. ఆయన ఇప్పటికీ సిడ్నీలో ఉద్యోగాలు వెతుకుతూనే ఉంటారు, అక్కడి ఇళ్ళ ధరలు చూసి లాప్‌టాప్ మూసేస్తుంటారు.

అరగంటకు లేక్ జార్జ్. సరస్సు అంటారు గానీ దానికి మాట మీద నిలకడ లేదు. వాన నీళ్ళొచ్చి చేరడమే గాని బయటికి పోయే దారి లేని పళ్ళెం లాంటి నేల అది. వానలు బాగా పడితే సముద్రంలా ఉంటుంది, ఎండలు ముదిరితే ఆవిరై బీడవుతుంది. నేను కొత్తగా వచ్చినప్పుడు అందులో గొర్రెలు మేసేవి, సరస్సు ఏదని అడిగితే మా ఆయన గొర్రెల్ని చూపించారు. 2022 వానల తర్వాత నీళ్ళొచ్చాయి. ఆ పొద్దున మాత్రం నీళ్ళూ లేవు గొర్రెలూ లేవు, అంతా పొగమంచే. ముందు కారు వెనక దీపాలు మాత్రమే రెండు మిరపపళ్ళలా కనపడుతున్నాయి.

లాంగ్ వీకెండ్‌లో పోలీసులు వేగానికీ, సీటు బెల్టుకీ, ఫోనుకీ లైసెన్సు మీద రెట్టింపు పాయింట్లు వేస్తారు. అందుకని అన్నయ్య బండి 110కి ఒక్క గీటు దాటలేదు. ఈ దారి పొడవునా ఆగి సేద తీరే చోట్లకు విక్టోరియా క్రాస్ పొందిన సైనికుల పేర్లు పెట్టారు. టీ ఫ్లాస్కు మూత తిప్పుతూ ఆ పేర్లు చదవడం మా పిల్లలకు అలవాటైంది.

గౌల్‌బర్న్ వస్తే పిల్లల్ని ఆపలేం. అక్కడ కాంక్రీటుతో కట్టిన గొర్రెపోతు ఉంది, 15 మీటర్ల ఎత్తు, మూడు నాలుగు అంతస్తులన్నమాట. ఉన్నికి పేరుమోసిన ఊరు కాబట్టి 1985లో కట్టారు. ఏడేళ్ళకు ఊరి పక్కనుంచి బైపాస్ పడింది. కార్లు ఊళ్ళోకి రావడం మానేశాయి, గొర్రెను చూసేవాడు లేడు. కొన్నాళ్ళు చూసి, 2007లో ఆ గొర్రెనే పెకలించి హైవే దగ్గరికి తరలించారు. బైపాసులు పడి ఇడ్లీ హోటళ్ళు మూతపడిన ఊళ్ళు మనవైపు ఎన్ని లేవు! వాళ్ళకీ ఇలా లేచి నడిచే గొర్రె ఒకటుంటే బాగుండేది. లోపల మెట్లెక్కి దాని కళ్ళలోంచి రోడ్డు చూడొచ్చు. ఒంగోలు కుర్రాడు ఎక్కి, "అక్కా, మా గిత్తకి ఇట్టాంటిది కట్టాల" అన్నాడు. జాతి గౌరవం మరి.

ఆ తర్వాత మరులన్ అనే చిన్న ఊరు. చాలామంది చూడకుండానే దాటేస్తారు. 150వ డిగ్రీ తూర్పు రేఖాంశం ఆ ఊరి మీదుగా పోతుంది, ఈ తూర్పు రాష్ట్రాల గడియారాలకు అదే కొలత. మన గడియారాల కొలత 82.5 డిగ్రీల రేఖ, కాకినాడ దగ్గరగా పోయేది. రెంటికీ తేడా 67.5. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన నాలుగున్నర గంటలు. అమ్మ "మీకిప్పుడు ఎంతైంది?" అని రోజూ అడిగే ప్రశ్నకు జవాబు ఈ రోడ్డు పక్కనే ఉంది. వేసవిలో వీళ్ళు గడియారం ఒక గంట ముందుకు తిప్పుతారు, అప్పుడు అమ్మ లెక్క మళ్ళీ తప్పుతుంది.

శనివారం కాబట్టి నేరుగా సిడ్నీ పోలేదు. పిక్టన్ రోడ్డు పట్టుకుని హెలెన్స్‌బర్గ్ వెళ్ళాం, వెంకటేశ్వరస్వామి గుడికి. అడవి అంచున, చెట్ల మధ్యలోంచి ఉన్నట్టుండి గోపురం లేస్తుంది. 1985లో ప్రతిష్ఠ జరిగిన గుడి. హెలెన్స్‌బర్గ్ పాత బొగ్గుగనుల ఊరు. మా వరంగల్ వదిన పుట్టిల్లు కొత్తగూడెం, ఆమె నాన్నగారు సింగరేణిలో చేశారు. "బొగ్గు ఉన్న కాడ దేవుడుంటడు, లేకపోతే దిగేటోళ్ళకు ధైర్యమెట్ల?" అంటుంది. గుడిలో తమిళం, తెలుగు, కన్నడం, సింహళం కలగలిసి వినపడుతుంటాయి. దర్శనానికి కొండ మీద పట్టే టైములో పదో వంతు కూడా పట్టదు. ఆ మిగిలిన టైమంతా క్యాంటీన్ దోశ క్యూలో పోతుంది. పులిహోర తెచ్చుకున్నాం కదా అంటే ఎవరూ వినలేదు.

అక్కడికి దగ్గర్లోనే స్టాన్‌వెల్ పార్క్ బీచి. 1894 నవంబర్లో లారెన్స్ హార్‌గ్రేవ్ అనే ఆయన నాలుగు పెట్టె గాలిపటాలు కట్టుకుని 16 అడుగులు గాల్లోకి లేచింది ఇక్కడే. రైట్ సోదరులకు తొమ్మిదేళ్ళ ముందు. పిల్లలకి ఇది చెప్పాం. వాళ్ళు వెంటనే గాలిపటం కావాలన్నారు. సంక్రాంతికి కొందామని దాటేశాం.

పెద్ద హారిస్, చిన్న ఇండియా

సాయంత్రానికి హారిస్ పార్క్ చేరాం. పేరులో హారిసన్‌కు తండ్రిలా ఉంటుంది గానీ చుట్టరికం ఏమీ లేదు. పారమాటా పక్కన రెండు మూడు వీధుల పేట. విగ్రమ్ స్ట్రీట్లో పాతకాలపు పెంకుటిళ్ళన్నీ హోటళ్ళయ్యాయి. వసారాల్లో బల్లలు, పెరట్లో తందూరీ పొయ్యిలు, కాలిబాట మీద పానీపూరీ. ఇండియా మ్యాచ్ గెలిస్తే ఈ వీధిలో కార్లు కదలవు. 2023 మేలో మోదీ వచ్చినప్పుడు ‘లిటిల్ ఇండియా’ ముఖద్వారానికి శంకుస్థాపన ఫలకం ఆవిష్కరించారు. ఫలకం లేనప్పుడు కూడా ఇది లిటిల్ ఇండియానే.

బిర్యానీ దగ్గర గొడవ వచ్చింది. ఒక హోటల్లో ‘హైదరాబాదీ దమ్’ అని రాసి ఉంటే ఆర్డరిచ్చాం. వచ్చినదాంట్లో జీడిపప్పు, కిస్మిస్, పైన కొత్తిమీర. అన్నయ్య గరిటెతో అడుగుదాకా తవ్వి చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే బాధ పెద్దదే. పక్కవీధిలో ఇంకోచోట ఉలవచారు దొరికింది, కడుపు చల్లబడింది. సిడ్నీ వచ్చి ఉలవచారు తినడమేమిటని ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు వెక్కిరిస్తారు. వాళ్ళకేం, ఇంటికెళ్ళి మళ్ళీ తింటారు. బయటినుంచి వచ్చే మాకు పట్నమంటే ముందు ఇదే, వంతెనా గింతెనా తర్వాత.

అయితే ఒక్క విషయంలో మావాళ్ళని నేనూ తప్పుబడతాను. ఆ వీధికి నాలుగడుగుల దూరంలో ‘ఎక్స్‌పెరిమెంట్ ఫామ్’ కాటేజీ ఉంది, ఎవరూ పోరు. జేమ్స్ రూజ్ అనే శిక్ష పడి వచ్చిన ఖైదీకి, శిక్ష పూర్తయ్యాక, ఈ నేల మీద వ్యవసాయం సాగుతుందో లేదో చూడమని గవర్నర్ 30 ఎకరాలిచ్చాడు. ఈ దేశంలో ఇంగ్లీషువాళ్ళు ఇచ్చిన తొలి పట్టా అది. అప్పటికే ఆ నేల మీద వేల ఏళ్ళుగా బతుకుతున్న దారుగ్ జనాన్ని ఎవరూ అడగలేదనుకోండి. 1793లో రూజ్ దాన్ని జాన్ హారిస్ అనే సైనిక వైద్యుడికి 40 పౌండ్లకు అమ్మేశాడు. హారిస్ తర్వాత కట్టిన ఇల్లు చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. చుట్టూ వెడల్పాటి వసారా, వాలు కప్పు, అచ్చం మన కలెక్టరు బంగళా. ఈయనకే జింకల పిచ్చి. మన చుక్కల దుప్పుల్ని తెప్పించుకుని పెంచాడు. ఆస్ట్రేలియాలో మొదట కాలుపెట్టిన జింకజాతి అదే. ఇప్పుడు ఆ జాతి పెరిగిపోయి క్వీన్స్‌లాండ్ రైతులకు తలనొప్పి. హారిస్ పార్కులోకి ఇండియా నుంచి వలస ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే దుప్పుల దగ్గర్నుంచి మొదలుపెడతాను.

రాత్రికి టూంగాబీలో అక్కావాళ్ళింట్లో పడుకున్నాం. సొంత అక్క కాదు, పదేళ్ళ కిందట ఇద్దరం ఒకే విమానంలో దిగాం. హాల్లో వరసగా పరుపులు, పెళ్ళివారి విడిదిలాగ. ఆ చుట్టుపక్కల పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్‌లన్నిట్లో మనవాళ్ళే. దేశం మొత్తమ్మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 2016 జనగణనలో 34 వేల పైచిలుకు, ఐదేళ్ళు తిరిగేసరికి 59 వేల పైచిలుకు. అక్క వాళ్ళ వీధి చూస్తే ఆ అంకె కూడా తక్కువే అనిపిస్తుంది.

ఆదివారం రైలెక్కి సర్క్యులర్ కీ. కారు తీసుకుపోతే పార్కింగుకీ, టోలుకీ కలిపి కూరగాయల డబ్బులన్నీ పోతాయి. టోలన్నది కాన్‌బెర్రాలో లేదు, అందుకే మాకు అది మరీ ఎక్కువగా గుచ్చుకుంటుంది. వారాంతంలో టికెట్టు ఒక హద్దు దాటాక ఇక కోయరు కాబట్టి మ్యాన్లీ పడవ కూడా ఎక్కాం. అరగంట. పైకప్పు మీద చలిగాలికి పిల్లల ముక్కులు ఎర్రబడ్డాయి, ఒకవైపు వంతెన, ఒకవైపు ఆపెరా హౌస్. వంతెన గురించి కొత్తగా చెప్పేదేముంది. 1932 నాటిది, కమాను 503 మీటర్లు, ‘ఆరెంజ్’ సినిమా చూసినవాళ్ళకి ఆస్ట్రేలియా ఎలాగూ సగం తెలుసు.

ఆపెరా హౌస్ ముందు ఒంగోలు కుర్రాడు వాళ్ళమ్మకు వీడియో కాల్ చేశాడు. ఫోను అటూ ఇటూ తిప్పి చూపించాడు. ఆమె పెంకుటింట్లో కాపురం చేసిన మనిషి.

"అయ్యి పెంకులంట్రా?"

"పెంకులేనమ్మా, పది లక్షల పైనున్నాయంట. స్వీడన్ అనే దేశం నుంచి తెప్పిచ్చారంట."

"వానొస్తే కారవా?"

వాడి దగ్గర జవాబు లేదు. నేను అందుకుని, పెంకుల కింద కాంక్రీటు ఉందమ్మా అని చెప్పాను. "అయితే పెంకులెందుకు?" అంది. ప్రపంచంలో ఏ వాస్తుశిల్పీ ఆమెను ఒప్పించలేడు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ పెంకులు తెల్లగా కూడా ఉండవు. కొన్ని మెరిసే తెలుపు, కొన్ని మీగడ రంగు, ఆ రెండూ కలిసి దూరానికి తెల్లగా కనపడతాయి.

ఈ భవనం గీసిన డెన్మార్క్ ఆయన యోర్న్ ఉట్జన్, ప్రభుత్వంతో పేచీ వచ్చి 1966లో పని మధ్యలో వెళ్ళిపోయాడు. 1973లో రాణి వచ్చి ప్రారంభించింది. 2008లో చనిపోయేదాకా ఆయన మళ్ళీ ఈ దేశం రాలేదు, తను గీసింది పూర్తయ్యాక కళ్ళారా చూడలేదు. 70 లక్షల డాలర్ల అంచనాతో మొదలై 10 కోట్ల 20 లక్షలకు తేలింది, చాలావరకు లాటరీ టికెట్లు అమ్మి కట్టారు. "మన ప్రాజెక్టులకేం తీసిపోదు" అన్నారు అన్నయ్య తృప్తిగా.

సాయంత్రం ఆరింటికి వివిడ్ ఉత్సవం దీపాలు వెలిగాయి. తెరచాపల్లాంటి ఆ కప్పుల మీద రంగులు పాకుతుంటే జనం తిరునాళ్ళలా తోసుకుంటున్నారు. ఒంగోలు కుర్రాడు మాత్రం గడియారం చూసుకుంటున్నాడు. విద్యార్థి వీసా మీద పక్షానికి 48 గంటలే పనిచెయ్యాలి. ఈ మూడు రోజులు డెలివరీలు పోయినట్టే, అంటే అద్దెలో కొంత పోయినట్టే. అది మాకు వాడు చెప్పలేదు. రాత్రి రైల్లో వాడి పక్కన కూర్చున్న నెల్లూరాయన కనుక్కున్నారు. పెట్రోలు వాటా వాడి దగ్గర ఎవరూ తీసుకోలేదు.

సోమవారం అంతా సంతే. బియ్యం మూటలు, ఫ్రీజర్లో గోంగూర, బెండకాయలు, గోరుచిక్కుడు, స్వీట్లు. తర్వాత అక్కావాళ్ళ పెరడు.

ఆ పెరట్లో కంచె దాటి పెరిగిన కరివేపాకు చెట్టుంది. సిడ్నీ వాతావరణానికి అది వేపచెట్టులా విజృంభిస్తుంది. కాన్‌బెర్రాలో అదే మొక్క మంచుకి నల్లబడి చస్తుంది. మా హారిసన్‌లో కరివేపాకు కుండీ పెట్టుకోవడమంటే పసిపిల్లను పెంచడమే, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఇంట్లోకీ ఎండలోకీ మోస్తూ ఉండాలి. నావి ఇప్పటికి రెండు పోయాయి. మొదటిదాన్ని ఒక్క రాత్రి వసారాలో మరిచిపోయాను, రెండోది హీటరు పక్కన పెడితే ఎండిపోయింది. అక్క చెట్టు మొదట్లో లేచిన పిలకను వేళ్ళతో సహా తవ్వి కుండీలో పెట్టింది. నోటితో అడక్కూడదని మా అమ్మ చెప్పేది, దొంగిలిస్తే బాగా బతుకుతుందట. అక్క అటు తిరిగి నిలబడింది, నేను తీసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో కుండీ నా కాళ్ళ మధ్య. డిక్కీలోంచి ఇంగువ, స్వీట్లు, బియ్యం గోతాల వాసన. పిల్లలవి పాత ట్రాక్టర్లలా గురకలు. లేక్ జార్జ్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పొగమంచు. చీకట్లో కంగారూలు రోడ్డు మీదికొస్తాయని అన్నయ్య వేగం తగ్గించారు. ఎవరూ మాట్లాడలేదు. హారిసన్‌లో దిగినప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, మైనస్ ఒకటి. వాటాలు పంచుకున్నాం. గోంగూర ప్యాకెట్లు ఒకటి ఎక్కువొచ్చింది, కుర్రాడి సంచిలో వేశాం.

కుండీని వాషింగ్ మెషీన్ పక్కన, హీటరుకు దూరంగా, కిటికీకి దగ్గరగా పెట్టాను. మంగళవారం ట్రామ్‌లో ఉండగా వదిన మెసేజ్ పెట్టింది: "ఎన్ని రెమ్మలున్నయి?"

"ఐదు" అని పంపాను. కాసేపాగి మళ్ళీ పంపాను: "ఒకటి వాలింది."